వదిన పొట్టిదైపోయిన ఏడాది

ఉన్, సూరత్
9 జూన్ 2024

రిటైరైనా పాఠం ఆపని ఆడబిడ్డ కోమలికి సారక్క వదిన రాసేది,

నిన్న మీ అన్న ఫోను నా చెవికి ఆనించి "కోమలి మాట్లాడుతాంది, ఇను" అన్నాడు. మరమగ్గాల మధ్య ఇరవై ఏళ్లు నిలబడిన చెవులు నావి. ఎదురుగా ఉంటే పెదవులు చూసి మాట పట్టుకుంటాను, ఫోనుకు పెదవులుండవు కదా. నువ్వు అంతసేపు మాట్లాడితే నాకు అందింది "పాలు" అన్న ఒక్క మాట. అది కూడా నచ్చలేదు. ఇకమీదట ఏమైనా చెప్పాలనుకుంటే కాగితం మీద చెప్పు.

సంగతి ఇది. పొద్దున లేచేసరికి నా వేళ్లు నా మాట వినడం లేదు. రెండు చేతుల కణుపులూ ఉడికిన చిన్న ఆలుగడ్డల్లా ఉబ్బి, ముట్టుకుంటే వెచ్చగా ఉంటున్నాయి. పిడికిలి ముడవాలంటే పొద్దు బాగా ఎక్కాలి. మా టిఫిన్ సెంటరేమో పొద్దు పొడవకముందే తెరవాలి. డైయింగ్ మిల్లు కార్మికులు షిఫ్టుకు పోతూ ఇడ్లీ తింటారు కానీ, నా వేళ్లు విచ్చుకునేదాకా ఆగరు కదా. మొన్న సాంబారు గరిటె జారి ఒకతని చొక్కా మీద పడింది. "మాసీ, బట్టలకు రంగు వేసే పని మాది, మీది కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపలికి పోయి ఏడ్చాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మీ అన్న పరుశురాం గారు ఒక్క మాటలో తేల్చేశారు: "వయసే, ఏం గాదు." మగవాళ్లకు జలుబు చేస్తే రోగం, ఆడవాళ్లకు చెయ్యి పడిపోయినా వయసు.

నువ్వు జగిత్యాల కాలేజీలో ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినదానివి. కప్పల్ని, బొద్దింకల్ని కోసి చూశావు. వాటిలో ఒక్కదానికైనా చేతులు నొప్పి పెట్టి ఉంటాయి. ఏం చెయ్యాలో రాయి. పాల సంగతి మాత్రం రాయకు.

ఉబ్బిన చేతులతోనే,
సారక్క


జగిత్యాల
21 జూన్ 2024

నా మాట వినపడకపోవడమే వరమనుకునే వదినకు,

పాలు తాగు.

ఎందుకో ఇప్పుడు చెబుతాను, కుదురుగా కూర్చుని చదువు. ఎముక అంటే గోడలో పెట్టిన రాయి అనుకుంటారు అందరూ. కాదు. అది బతికున్న వస్తువు. దాన్ని నిత్యం కరిగించి తినే కణాలు కొన్ని ఉంటాయి. ఆ గుంటల్ని పూడ్చి కొత్త ఎముక కట్టే కణాలు ఇంకొన్ని. అలా తింటూ కడుతూ పదేళ్లకోసారి మన అస్థిపంజరం దాదాపు మొత్తం మారిపోతుంది. నువ్వు మా ఇంటికి కోడలుగా తెచ్చుకున్న ఎముకల్లో ఏదీ ఇప్పుడు నీ దగ్గర లేదు. అప్పటినుంచి మారకుండా మిగిలింది నీ నోరొక్కటే.

తినే కణాలను అదుపులో పెట్టేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. ముట్లు ఆగిపోయాక అది తగ్గుతుంది. అడిగేవాడు లేని ఆఫీసులా తయారవుతుంది ఒళ్లు. తినేవాళ్లు తింటూనే ఉంటారు, కట్టేవాళ్లు టీ తాగడానికి పోయి తిరిగి రారు. మన వయసు ఆడవాళ్ల ఎముకలు గుల్లబారేది అందుకే. నీ చేతుల నొప్పి అదే, అనుమానం లేదు. అన్న చెప్పింది తప్పు కాదు, సగం చదువు, అంతే.

క్యాల్షియం బిళ్లలు, పొద్దుటి ఎండ, పాలు. డాక్టరు దగ్గరికి పోవాలంటే పో. ఆయన కూడా ఇదే చెబుతాడు, కాకపోతే నా అంత బాగా చెప్పడు.

ఇట్లు,
ఉత్తరంలో కూడా అరవగలిగిన కోమలి


ఉన్, సూరత్
4 ఆగస్టు 2024

పాలకేంద్రం కోమలికి,

నీ పాలు నెలరోజులు తాగాను. కడుపు ఉబ్బింది, చేతుల ఉబ్బు తగ్గలేదు. ఇక్కడ వానలు పడుతున్నాయి కాబట్టి నీ పొద్దుటి ఎండ కూడా దొరకలేదు. మా సందులో మోకాలిలోతు నీళ్లు. గిరాకీ మాత్రం తగ్గలేదు. కార్మికులు ప్యాంట్లు పైకి మడుచుకుని వచ్చి తింటున్నారు.

ఇంతలో మీ అన్న ఒక మహానుభావుణ్ణి పట్టుకొచ్చాడు. పేరు బుచ్చిరాములు. మనవైపు మనిషే. బొంబాయిలో ఎవరో డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, సచిన్ అనే ఊరికి పోయే రోడ్డు పక్కన గది తీసుకుని తానే డాక్టరైపోయాడు. బోర్డు మీద పేరు కన్నా పేరు వెనకాల అక్షరాలే పొడుగు. ఆయుర్వేదం, హోమియోపతి, యునానీ మూడూ వచ్చునట. నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని "సారవ్వా, నీ రోగం నీ కీళ్లల్ల లేదు, నీ బెంగల ఉన్నది. గీ పొట్లం రోజొకటి మింగు, జర నవ్వుకుంట ఉండు" అన్నాడు.

నవ్వకు కోమలీ. మూడో రోజుకు నా పిడికిలి ముడుచుకుంది. వారం తిరిగేసరికి చట్నీకి కొబ్బరి నేనే కోరాను. ఆకలి చెప్పలేనంత. ముఖం నిండి కళ వచ్చిందని సందులో అందరూ అంటున్నారు. మీ అన్నయితే తానే మందు కనిపెట్టినట్టు తిరుగుతున్నాడు.

నువ్వు ముప్పై ఏళ్లు చదివి పాలు చెప్పావు. ఆయన ఏం చదివాడో తెలియదు గానీ నొప్పి తీసేశాడు. ఫోటో జత చేస్తున్నాను, చూసి కుళ్లుకో.

పిడికిలి బిగించగల,
సారక్క


జగిత్యాల
19 ఆగస్టు 2024

అభినవ సుందరి సారక్క వదినకు,

ఫోటో అందింది. మొదట మీ అద్దె ఇంటి ఓనరమ్మ అనుకున్నాను. బుగ్గలు చెవుల దాకా పొంగాయి, మెడ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. నిండు చంద్రుడికి బొట్టు పెట్టినట్టుంది. సొంత హోటలుంటే ఇదే సుఖం, ఎంత తిన్నా అడిగేవాడు లేడు.

పాలను అవమానించినందుకు బాధ లేదు. ఏ శాస్త్రమైనా నెల రోజుల్లో పని చేయకపోతే పొట్లాల వైపు పరుగెత్తే జనం ఉన్న దేశం ఇది. అంత గొప్ప పొట్లంలో ఏముందో మాత్రం అడిగి రాయి. మూడు వైద్యాలు కలిపి ఒకే కాగితంలో మడిచే మనిషికి వాటి పేర్లు రాయడం కూడా వచ్చే ఉంటుంది.

అన్నకు చెప్పు, ఆయన చెల్లెలు కూడా ఇంకా బతికే ఉందని. పండక్కి ఒక ఫోను చేస్తే అరిగిపోడు.

కుళ్లుకోలేదు. కొంచెమే.
కోమలి


ఉన్, సూరత్
22 అక్టోబరు 2024

కోమలికి,

మొన్న చాందనీ పడవా పండుగ. సూరత్‌లో ఆ పూట ఘారీ మిఠాయి తినని మనిషి ఉండడు. పైన పేరిన నెయ్యి, లోపల కోవా. నేను మగ్గం నడిపిన సేఠ్‌ల ఇంటి నుంచి నాకు ఒక డబ్బా వచ్చింది. పడుకునే తిన్నాను.

పడుకుని ఎందుకంటే, అంతకు వారం ముందు ఇడ్లీ గిన్నె దించబోతే వీపులో టప్పుమన్నది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. నా చెవులకే వినపడిందంటే ఎంత గట్టిగా విరిగి ఉంటుందో చూసుకో. అప్పటినుంచి కూర్చోలేను, నిలబడలేను. దగ్గు వస్తే ప్రాణం పోయినట్టుంటుంది. ఇంకో విచిత్రం: నా చీర కుచ్చిళ్లు నేల ఊడుస్తున్నాయి. చీర పెరిగిందా అంటే చీరలు పెరగవు. నేనే తగ్గాను. చేతుల మీద ఎక్కడ తగిలినా నల్లటి మచ్చ. చర్మం ఉల్లిపొరలా ఉంది.

బుచ్చిరాములు ఇంటికే వచ్చి చూశాడు. "నడుం పట్టింది అవ్వా, గంతే. రోజుకు రెండు పొట్లాలు జేద్దాం" అన్నాడు. పొట్లంలో ఏముందని నువ్వు అడగమన్నావు కదా, అడిగాను. "నమ్మకం ఉన్నది" అన్నాడు.

మీ అన్న ఒక్కడే దుకాణం నడుపుతున్నాడు. పొద్దున్నే పొయ్యి దగ్గర ఆయన దగ్గు వినపడదు గానీ గోడ అదురుతుంది.

ఈసారి వెక్కిరించకుండా రాయి.

సారక్క


జగిత్యాల
30 అక్టోబరు 2024

వదినా,

ఈసారి వెక్కిరింపు లేదు.

నీ ఉత్తరం చదివి పాత ఫోటో మళ్లీ తీసి చూశాను. ఆ బుగ్గలు తిండి వల్ల వచ్చినవి కావు. ఉల్లిపొర చర్మం, నల్లమచ్చలు, విరిగిన వీపు, మూడు రోజుల్లో మాయమైన నొప్పి, అన్నీ ఒకటే మాట చెబుతున్నాయి. ఆ పొట్లంలో స్టెరాయిడు ఉంది. ఇది నేను ఆగస్టులోనే చూడాల్సింది.

అన్నతో ఇప్పుడే ఫోనులో మాట్లాడాను. నువ్వు నగరంలో పెద్ద ఆసుపత్రికి పో. పొట్లాలు కూడా వెంట తీసుకుపోయి చూపించు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో: వాటిని నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. హఠాత్తుగా మానితే ప్రమాదం.

వెంటనే పో.
కోమలి


ఉన్, సూరత్
26 నవంబరు 2024

రెండు నాలుకల ఆడబిడ్డ గారికి,

నీ ఉత్తరం దీపావళి సెలవుల్లో చిక్కుకుంది. ఇక్కడ పండుగ తర్వాత ఐదోనాటి లాభ పాంచమ్ దాకా ఊరే తెరవదు, పోస్టుమన్ ఎందుకు తెరుస్తాడు? ఉత్తరం వచ్చేసరికి నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. "ఒక్కసారిగా ఆపొద్దు" అని ఎంత చక్కగా రాశావు! మరి అదే పూట ఫోనులో మీ అన్నకు ఏం చెప్పావు? "గా పొట్లాలు విషం, వదిన కంటికి కనబడనీయకు" అన్నావట. ఆయన తు.చ. తప్పకుండా చేశాడు. డబ్బాతో సహా తీసుకుపోయి కాలువలో పారబోసి వచ్చి, చేతులు కడుక్కుని మరీ నాకు చెప్పాడు.

మొదట నొప్పులన్నీ తిరిగొచ్చాయి. తర్వాత వాంతులు. పండుగ పూట సందంతా టపాకాయలు కాలుస్తుంటే నేను బాత్రూం గడప మీద పడిపోయాను. మీ అన్న ఆటోలో వేసుకుని నగరానికి తీసుకుపోయాడు. దారంతా "గిట్లయితదని ఎవలకు ఎర్క" అని ఏడుస్తూనే ఉన్నాడట. నాకు తెలియదు, ఆటోవాడు చెప్పాడు.

అక్కడ డాక్టర్ శ్రీప్రియ అని గుంటూరు అమ్మాయి. కీళ్ల డాక్టరు. నా చెవి తెలుసుకుని అన్నీ పలక మీద రాసి చూపించింది, ఆ ఓపికకే సగం జబ్బు తగ్గింది. నేను బతికింది ఎలాగో తెలుసా? సూదితో ఎక్కించిన మందు ఏంటమ్మా అని అడిగితే, రాసింది: "స్టెరాయిడే అండి. ఆ పొట్లంలోదే."

నేను మళ్లీ పడిపోయేదాన్నే. ఆమె వివరంగా రాసింది. కిడ్నీల మీద చిన్న గ్రంథులు ఉంటాయట. రోజూ మనకు కావలసినంత ఆ హార్మోను అవే చేసిపెడతాయట. బయటినుంచి పొట్లాల్లో దండిగా వస్తుంటే మనమెందుకు కష్టపడాలని అవి పని మానేశాయి. పొట్లం ఒక్కసారిగా ఆగేసరికి ఒంట్లో చుక్క కూడా లేదు. అందుకే పడిపోయాను.

ఇంకొకటి రాసింది, ఇది నీకోసమే: "మీ చేతుల్లో ఉన్నది వయసు కాదండి. ముట్లు ఆగిన నొప్పీ కాదు. రుమటాయిడ్ కీళ్లవాతం. క్రిముల మీద పోరాడాల్సిన రక్షక కణాలు మీ కీళ్లనే శత్రువనుకుంటున్నాయి." ఇది చదివి మా ఆడబిడ్డ జువాలజీ లెక్చరరు, పాలు తాగమంది అన్నాను. ఆ అమ్మాయి పలక తుడిచేసుకుంది. మర్యాద తెలిసిన పిల్ల.

ఎక్స్‌రేలో వెన్నుపూసలు రెండు అణిగిపోయాయి. నేను ఇక పొడుగు కాను.

నీ మాట విని బతికినది,
నీ మాట విని పడినది,
ఒకతే సారక్క


జగిత్యాల
6 డిసెంబరు 2024

తిట్టడానికి ఓపిక వచ్చిన వదినకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు కోపం వచ్చి తిన్నాను.

తప్పు జరిగింది. కాగితం మీద జాగ్రత్తగా రాసినదాన్ని ఫోనులో ఆవేశంగా చెప్పాను. కానీ అన్నను ఎందుకు ఆడిపోసుకుంటావు? ఆయన చేసిన నేరం నా మాట వినడం. మీ ఇంట్లో నా మాట వినేవాడు ఆయనొక్కడే. పొట్లాలు తెచ్చిందీ ఆయనే అంటావు, సరే. నువ్వు నొప్పితో మూలుగుతుంటే చూస్తూ కూర్చోలేక తెచ్చాడు. మింగింది నువ్వు. మింగి ఫోటో దిగి నాకు పంపి కుళ్లుకోమన్నదీ నువ్వే.

పాల సంగతి. ఉబ్బిన కణుపులు అని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. రెండు చేతులకూ అని కూడా రాశావు. నేను చదివాను, చదివి నాకు తెలిసిన పాఠం చెప్పాను. తెలియని పాఠం ఉంటుందని తట్టలేదు. ఇప్పుడు పుస్తకాలు తిరగేశాను. మన రక్షక కణాలు, ఎముకను తినే కణాలు వేరువేరు అనుకున్నాను. తినేవాటి మూలం, క్రిముల్ని మింగే కణాల మూలం ఒకటేనట, అన్నీ ఎముకల మూలుగలోనే పుడతాయి. దాయాదులు. అందుకే వాటి మధ్య కబుర్లు చురుగ్గా నడుస్తాయి. నీ కీళ్లలో రెచ్చిపోయిన రక్షక కణాలు "రండి, తినండి" అని కబురు పెడుతున్నాయి. వినే దాయాదులు ఎప్పుడూ సిద్ధం. స్టెరాయిడు వచ్చి కబురు పంపేవాళ్లను నిద్రపుచ్చింది, నొప్పి పోయింది. అదే చేత్తో ఎముక కట్టేవాళ్లను చంపేసింది. అలా నీ వెన్ను విరిగింది.

మీ డాక్టరమ్మ ఎముకల కోసం ఆరు నెలలకోసారి సూది అన్నదని అన్న చెప్పాడు. అది ఆ కబురును దారిలోనే పట్టేస్తుంది. గడువు దాటనీయకు. మధ్యలో మానేస్తే తినేవాళ్లు రెట్టింపు ఆకలితో లేస్తారు. ఇది పుస్తకంలో చూసి, జగిత్యాలలో ఒక డాక్టరును అడిగి, మళ్లీ చూసి రాస్తున్నాను. నీ పుణ్యమాని నా మీద నాకు నమ్మకం పోయింది.

అన్నతో మాట్లాడు. మూడు వారాలుగా నువ్వు పలకరించడం లేదని ఏడుస్తున్నాడు.

తప్పులో సగం మోసే,
కోమలి


ఉన్, సూరత్
19 జనవరి 2025

సగం మోసే కోమలికి,

మిగతా సగం నేను మోయలేను, బరువులు ఎత్తొద్దన్నారు. కాబట్టి మొత్తం నువ్వే ఉంచుకో.

మీ అన్నతో మాట్లాడుతున్నాను. మాట్లాడకపోతే ఇడ్లీలో ఉప్పు వెయ్యడం మరిచిపోతున్నాడు, గిరాకీ పోతుంది.

ఉత్తరాయణ్ వెళ్లింది, అంటే మన సంక్రాంతి. సూరత్ మొత్తం డాబాల మీదే. నాకు తల పైకెత్తడం ఇంకా రాదు, అందుకని సందులో కుర్చీ వేయించుకుని గాలిపటాల నీడలు చూశాను. మందులు పని చేస్తున్నాయి. వారానికోసారి వేసుకునే బిళ్ల రక్షక కణాల దూకుడు తగ్గిస్తుందట. స్టెరాయిడును కొంచెం కొంచెంగా దించుతున్నారు. కొన్ని పొద్దుల్లో వేళ్లు కదులుతాయి, కొన్ని పొద్దుల్లో కదలవు. బుచ్చిరాములు మూడు రోజుల్లో చేసినదాన్ని డాక్టరమ్మ మూడు నెలలుగా చేస్తున్నది. జనం ఎటు పోతారో నువ్వే చెప్పు.

ఆ మహానుభావుడి సంగతి విను. నన్ను ఆసుపత్రిలో వేశారని తెలిసి పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు. వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడట: "సారవ్వ నా మందు బంద్ జేసింది, పడ్డది. పెద్దాసుపత్రోళ్లు మల్ల నా మందే ఎక్కించిన్రు, లేచింది." ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు చూడు. వాడి గది ముందు వరస ఇంకా పెరిగింది.

పండుగ మర్నాడు మీ అన్నను పట్టుకుని అక్కడికి పోయాను. నడుముకు బెల్టు, చేతిలో కర్ర. వరసలో కూర్చున్నవాళ్లలో సగం మంది మా ఇడ్లీ తినేవాళ్లే. బుచ్చిరాములు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఇగో వచ్చింది, మా సారవ్వ! చూడుండ్రి ఎట్ల నడుస్తాందో" అన్నాడు.

"నడుస్తున్న. మంచిగ చూడుండ్రి" అన్నాను నేను. "వానకాలంల నేను గీ తలుపు కింద తల వంచి లోపలికి వచ్చిన. ఇయ్యాల వంచకుంటనే వచ్చిన. తలుపు పెరిగిందా?"

వాడు నవ్వబోయాడు. నేను చేతులు చాపి నల్లమచ్చలు చూపించాను. పొట్లంలో ఏముందో రాసివ్వమన్నాను. వాడు నాకు తెలుగులో నచ్చజెప్పి, మిగతావాళ్లకు హిందీలో చెప్పి, చివరికి ఎవరికీ అర్థం కాని భాషలో కోప్పడ్డాడు. కొందరు లేచి వెళ్లిపోయారు. ఒకామె మాత్రం నా కొంగు పట్టుకుని ఆపి అడిగింది: "మీ డాక్టరమ్మ కాడ ఎంతసేపు కూసోవాలె అక్కా?" సగం రోజు పడుతుందన్నాను. నిట్టూర్చి మళ్లీ వాడి వరసలోనే కూర్చుంది. ఆమెను ఏమనాలి? సగం రోజు కూర్చుంటే ఆమె మగ్గం దగ్గర ఇంకొకరు నిలబడతారు.

మీ అన్న పోలీసులకు కాగితం పెట్టాడు. వాళ్లు వచ్చేలోపే వాడు గది ఖాళీ చేసి ఊరి బయట కడోదరాకు మారాడు. కొత్త బోర్డు మీద ఒక వాక్యం ఎక్కువ రాయించాడట: "పెద్దాసుపత్రి మందులు ఇచ్చట లభించును."

నన్ను ఇంతగా చదివించావు కదా, నీ ఎముకల సంగతేమిటి? ముట్లు నాకొక్కదానికే ఆగాయా? పరీక్ష చేయించుకున్నావా? ఈ ప్రశ్నకు జవాబు తప్ప ఇంకేమీ రాయకు.

తలుపు కింద వంగని,
సారక్క


జగిత్యాల
8 ఫిబ్రవరి 2025

వదినకు,

జవాబు: చేయించుకున్నాను. గుల్లబారాయి. తుంటి ఎముక మరీను.

డాక్టరు నా పాత విద్యార్థి. ఎముక బతికున్న వస్తువు మేడమ్, తినే కణాలుంటాయి, కట్టే కణాలుంటాయి అని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. నా క్లాసులో నేను చెప్పిన వాక్యాలు, నేను ఆగిన చోటే ఆగాడు. మధ్యలో లేచి రావాలనిపించింది. చివర "పాలు తాగుతారా మేడమ్?" అన్నాడు. వాసన పడదు బాబూ, చిన్నప్పటి నుంచీ ముట్టను అన్నాను.

నవ్వు. గట్టిగా నవ్వకు, నీ వెన్ను సంగతి చూసుకో.

కోమలి


ఉన్, సూరత్
12 ఏప్రిల్ 2025

పాలు ముట్టని కోమలికి,

నవ్వాను. నొప్పి పుట్టేదాకా నవ్వి, ఆగి, నీ తుంటి గుర్తొచ్చి భయపడ్డాను. మెట్లు చూసి దిగు. మందు మానకు. వెక్కిరింపు ఇంతటితో ఆపుతున్నాను, ఎందుకంటే చెప్పాల్సింది వేరే ఉంది.

రెండు నెలలుగా మా ఇంట్లో బెల్లం పెరిగిపోతున్నది. మీ అన్న వారానికోసారి బస్సెక్కి బార్డోలీ పోతాడు, అక్కడి చెరకు బెల్లం బాగుంటుందని. అటుకుల మీద బెల్లం, టీలో బెల్లం, చీమలకు బెల్లం. మాకు ఇంత బెల్లం దేనికని నేను అడిగితే "ఉండనీ" అంటాడు. ముసలితనంలో బస్సు షికారు మరిగాడనుకున్నాను.

మొన్న ఆదివారం ఆయన గడ్డం గీసుకుని అద్దం ముందు నుంచి తిరిగాడు. ముఖం నిండుగా ఉంది. బుగ్గలు చెవుల దాకా వచ్చాయి. పని చేసి చేసి మనిషి చిక్కాలి కదా, ఆయన పొంగుతున్నాడు. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ముంజేతి మీద నల్లటి మచ్చ. "ఏందది?" అంటే "పొయ్యి తగిలింది" అన్నాడు. కాలిన మచ్చ ఎలా ఉంటుందో నాకు తెలియదా?

బార్డోలీ బస్సు కడోదరా మీదుగానే పోతుంది కోమలీ.

కూర్చోబెట్టి అడిగాను. ఎప్పటినుంచి? దీపావళి తర్వాత నుంచేనట. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు! పోలీసులకు కాగితం పెట్టింది కూడా పొట్లం మింగిన చేత్తోనే. మోకాళ్లు రెండూ ముందుకు చాపి చూపించాడు. ఎన్నాళ్లుగానో అరిగిపోయి ఉన్నాయట, ఎప్పుడూ చెప్పలేదు.

"నువ్వు లేస్తలేవు. పొద్దుగాల పొయ్యి కాడ ఎవలన్న నిలవడాలె గదా? పొట్లం ఏసుకుంటే నిలవడుతున్న. ఏసుకోకుంటే కూలవడుతున్న. నీకు జెప్తే నువ్వు లేచి వస్తవ్."

"నాకు అయింది కండ్లార చూసినవ్ గదా?"

"చూసిన. నువ్వు బతికినవ్ గదా, నేను గూడ బతుకుతననుకున్న" అన్నాడు.

ఏం చెయ్యాలి ఈ మనిషిని? తిట్టడానికి నీకున్నంత చదువు నాకు లేదు, నాకున్నంత నోరు కూడా ఆ పూట పని చేయలేదు. మిగిలిన పొట్లాలు ఎక్కడున్నాయో అడిగి, డబ్బా తీసుకుని నా దగ్గర పెట్టుకున్నాను. నేను కాలువలో పారబోస్తానని భయపడ్డాడు. పారబొయ్యలేదు. డాక్టరమ్మ చూసేదాకా ఆపకూడదని నాకు తెలుసు, నా ఒంటి మీద రాసి ఉంది ఆ పాఠం. అందుకని ప్రతి పొద్దున నేనే ఒక పొట్లం విప్పి, నీళ్లగ్లాసుతో ఆయనకు ఇచ్చాను. బుచ్చిరాములును అందరి ముందు నిలదీసి వచ్చినదాన్ని. అదే మందును నా చేత్తో నా మొగుడికి మింగించాను. ఆయన నా కళ్లలోకి చూడకుండా మింగేవాడు. ఈ నాలుగు రోజులూ ఎవరు మా దుకాణానికి వచ్చినా తాళమే. కార్మికులు షట్టర్ కొట్టి పోయారు. పోనీ, ఒక వారం వాళ్లు ఇక్కడి శనగపిండి ఫాఫ్డా తింటారు.

నిన్న ఇద్దరం నగరానికి పోయాం. నా నడుముకు బెల్టు, ఆయన మోకాళ్లకు గుడ్డలు. బస్సు మెట్టు ఎక్కడానికి ఆయన నాకు చెయ్యి ఇచ్చాడు, దిగడానికి నేను ఆయనకు. సగం రోజు కూర్చున్నాక పిలిచారు. డాక్టరమ్మ గదిలో పేషెంటుకు కుర్చీ ఒక్కటే ఉంటుంది. ఆ అమ్మాయి పలక తీసి "ఈరోజు చూపించుకునేది ఎవరండి?" అని రాసింది.

మీ అన్న నావైపు వేలు చూపించాడు. నేను ఆయనవైపు చూపించాను.

శ్రీప్రియ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఆయన బుగ్గల దగ్గర ఆగింది. పలక పక్కన పెట్టేసి, తలుపు దగ్గరికి పోయి, బయటికి కేక వేసింది. నాకు వినపడలేదు గానీ పెదవులు చూసి తెలుసుకున్నాను.

ఇంకో కుర్చీ తెమ్మంటున్నది.

సారక్క